రాయి కోసం వెళ్తే గింజ దొరికింది



కిందటి నెల మా బంధువుల్లో ఒకాయన ఫోన్ చేశాడు. నడుం దగ్గర పోటు వస్తోందంటే, కిడ్నీలో రాయి ఉందేమో చూద్దామని డాక్టరు పొట్టకు సీటీ స్కాన్ రాశాడట. రాయి ఉంది. చిన్నదే, నీళ్లు బాగా తాగితే అదే పడిపోతుందన్నారు. అక్కడితో ఆయన నిశ్చింతగా పడుకోవాల్సింది. కానీ రిటైరైన మనిషి, తీరిక ఎక్కువ. రిపోర్టు ఇంటికి తెచ్చుకుని, కళ్లజోడు తుడుచుకుని, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివాడు. ఆఖరి వరుసలో ఉంది: కుడి ఊపిరితిత్తి అడుగు భాగంలో 5 మిల్లీమీటర్ల నాడ్యూల్.

"బావా, రాయి కోసం వెళ్తే ఊపిరితిత్తుల్లో గడ్డ దొరికింది. పైగా నేను జన్మలో సిగరెట్టు ముట్టలేదు. ఇది అదేనంటావా?" అన్నాడు. 'అది' అంటే ఏమిటో ఆయనా పలకలేదు, నేనూ అడగలేదు. మన ఇళ్లలో క్యాన్సర్ అన్న మాటను నోటితో అనరు కదా.

పొట్టకు తీసిన స్కాన్‌లోకి ఊపిరితిత్తులు ఎందుకొచ్చాయన్నది ఆయన రెండో అనుమానం. ఊపిరితిత్తుల అడుగు భాగం కాలేయం మీద గొడుగులా వంగి ఉంటుంది. పొట్టకు తీసే స్కాన్ పైనుంచే మొదలుపెడతారు కాబట్టి ఆ కాస్త భాగం కూడా అందులో పడుతుంది. కంటికి కనపడ్డాక రాయకుండా వదిలేయడానికి స్కాన్లు చదివే మాకు అధికారం లేదు. రాశారు కాబట్టి ఈయన చదివాడు. ఇలా వెతకని చోట దొరికే నాడ్యూళ్లే నేడు ఎక్కువ.

నేను రేడియాలజిస్టును. ముప్పై ఏళ్లుగా చీకటి గదిలో కూర్చుని స్కాన్లు చదువుతున్నాను. మా వృత్తిలో ఒక చిత్రం ఉంది. రోగి ముఖం మేము చూడం, మా ముఖం రోగి చూడడు. ఇద్దరి మధ్యా మాట్లాడేది ఆ రిపోర్టు కాగితం ఒక్కటే, అదీ ఇంగ్లీషులో. అందుకని ఇవాళ ఆ కాగితంలోని ఆఖరి వరుస గురించి తెలుగులో మాట్లాడతాను.

ముందు పేరు సంగతి. నాడ్యూల్ అంటే ఊపిరితిత్తుల్లో కనిపించే గుండ్రని చిన్న మచ్చ. 3 సెంటీమీటర్ల వరకు ఉంటే నాడ్యూల్ అంటాం. అది దాటితే పేరు మారుతుంది, మా ఆదుర్దా కూడా పెరుగుతుంది. పత్రికల్లో దీన్ని కణితి అని రాస్తుంటారు. ఆ మాట నాకు నచ్చదు. కణితి అనగానే సగం తీర్పు చెప్పేసినట్టే ఉంటుంది. నేను ఇంట్లో వాళ్లకు చెప్పేటప్పుడు గింజ అంటాను. గింజ అంటే కొలత కూడా సులువు. వంటింట్లో పోపుల డబ్బా తెరవండి. ఆవగింజ ఒకటి, రెండు మిల్లీమీటర్లు. మిరియపు గింజ 5 అటూఇటూ. శనగ గింజ 8కి దగ్గర. 3 సెంటీమీటర్లంటే ఓ మోస్తరు ఉసిరికాయ. మా బంధువు ఊపిరితిత్తిలో ఉన్నది మిరియపు గింజ. రెండు అరచేతులంత వెడల్పున్న ఊపిరితిత్తిలో ఒక మిరియపు గింజను పట్టుకోగలగడమే ఒక వింత. ఆ వింత మన కాలంలోనే వచ్చింది.

ఎక్స్‌రేలో ఇది కనపడేది కాదు. ఎందుకో చెప్పాలంటే తోలుబొమ్మలాట గుర్తు చేసుకోవాలి. తెర వెనక దీపం, మధ్యలో బొమ్మలు, తెర మీద నీడ. ఒక్క బొమ్మ ఉంటే నీడ స్పష్టంగా ఉంటుంది. రాముణ్ణీ, లక్ష్మణుణ్ణీ, హనుమంతుణ్ణీ ఒకరి వెనక ఒకర్ని నిలబెడితే తెర మీద ఒక్క ముద్దే కనపడుతుంది. ఎక్స్‌రే కూడా నీడే. 1895లో జర్మనీలో రాంట్‌జన్ కనిపెట్టిన నాటి నుంచి అంతే. పక్కటెముకలు, గుండె, రక్తనాళాలు, వెన్నెముక అన్నీ ఒకే నీడలో కలిసిపోతాయి. పక్కటెముక వెనక మిరియపు గింజ దాక్కుంటే ఎంత అనుభవం ఉన్న కన్నైనా దాటిపోతుంది.

ఈ చిక్కు విప్పినవాడు వైద్యుడు కాదు. గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. పొలాల మధ్య పెరిగిన రైతుబిడ్డ. పనిచేసింది ఈఎంఐ కంపెనీలో. బీటిల్స్ పాటల రికార్డులు అమ్మిన కంపెనీయే. ఆయనకు తట్టిన ప్రశ్న చాలా సాదా ప్రశ్న. మూత వేసిన పెట్టెలో ఏముందో, మూత తీయకుండా, చుట్టూ అన్ని వైపుల నుంచీ కిరణాలు పంపి లెక్క కట్టి చెప్పగలమా? ఒక వైపు నుంచి చూస్తే నీడ. చుట్టూ తిరిగి వందల నీడలు పట్టుకుంటే, లోపల ఏ బిందువులో ఏముందో లెక్కతో రాబట్టవచ్చు. మొదట్లో ప్రయోగశాలలో ఒక్క వస్తువును స్కాన్ చేయడానికి ఆయనకు 9 రోజులు పట్టింది. కసాయి దుకాణం నుంచి పశువుల మెదళ్లు తెచ్చుకుని పరీక్షించాడు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగికి, మెదడుకు, స్కాన్ తీశారు. 1979లో ఆయనకూ, ఈ లెక్కలను విడిగా ముందే కట్టి ఉంచిన అలన్ కార్మాక్‌కూ కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. నాడు రోజులు పట్టిన పని ఇవాళ మీరు ఒక్కసారి ఊపిరి బిగబట్టే లోపు అయిపోతుంది.

హౌన్స్‌ఫీల్డ్ పేరు మా నోట రోజూ నలుగుతూనే ఉంటుంది. సీటీలో ప్రతి బిందువుకూ ఒక అంకె ఉంటుంది, దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తాం. నీటికి సున్నా. గాలికి మైనస్ 1000. కొవ్వుకు మైనస్ 100 దరిదాపులు. ఎముకకు కొన్ని వందల నుంచి వెయ్యి దాకా. ఊపిరితిత్తి చాలావరకు గాలే కదా, దాని అంకె మైనస్ 800 ప్రాంతంలో ఉంటుంది. ఆ చీకట్లో కండ లాంటి చిన్న గింజ ఉన్నా అమావాస్య నాటి చుక్కలా మెరుస్తుంది. కాలేయంలో ఇంతే గింజ ఉంటే పట్టుకోవడం కష్టం. ఊపిరితిత్తిలో మాత్రం దాక్కోలేదు.

దాక్కోలేదు అన్నాను గానీ, మోసం చేయగలదు. సీటీ మనిషిని చక్రాలుగా కోసి చూపిస్తుంది. ములక్కాడను అడ్డంగా కోసినా గుండ్రటి చక్రమే, నిమ్మకాయను కోసినా గుండ్రటి చక్రమే. ఒక్క ముక్క చేతికిచ్చి ఇదేమిటంటే ఎవరు చెప్పగలరు? దాని పై ముక్కా, కింది ముక్కా చూడాలి. చక్రం అలా సాగుతూ పోతే ములక్కాడ. మా భాషలో రక్తనాళం. నాలుగు ముక్కల్లో మొదలై ముగిసిపోతే అప్పుడది గింజ. పాత మిషన్లలో ముక్క 5 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్ల మందం ఉండేది. మిరియపు గింజ రెండు ముక్కల మధ్య ఇరుక్కుని మసకబారిపోయేది. ఇవాళ ఒక మిల్లీమీటరు మందంతో కోస్తున్నాం. ఛాతీకి మూడు నాలుగు వందల ముక్కలు వస్తాయి. ఒక్కో రోగికి అన్నీ పైనుంచి కిందికి, కింది నుంచి పైకి తిప్పుతూ చూడాలి. మీ చేతికిచ్చే నల్లటి ఫిల్ముల మీద ఉండేవి వాటిలో కొన్నే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

సరే, గింజే అని తేలింది. ఏ గింజ? ఇక్కడ సీటీ కొన్నిసార్లు ఒక్క చూపుతోనే తీర్పు చెప్పేస్తుంది. గింజ మొత్తం సున్నం పట్టి తెల్లగా ఉంటే, లేదా నట్టనడుమ సున్నపు చుక్క ఉంటే, అది మానిన పాత పుండు. పేలాల్లా విచ్చుకున్న సున్నం ఉన్నా, లోపల కొవ్వు అంకెలు కనిపించినా హామర్టోమా అనే హాని లేని గడ్డ. ఊపిరితిత్తి మడతకు ఆనుకుని మూడు మూలలుగా, నునుపుగా ఉంటే అది చిన్న లింఫు గ్రంథి. ఇవి చూస్తే నేను కుర్చీలో వెనక్కి వాలిపోతాను. అంచులు నునుపుగా లేకుండా నాలుగు వైపులా ముళ్లలా గీతలు పొడుచుకొస్తే ముందుకు వంగుతాను. కొన్ని మచ్చలు గట్టి గింజల్లా ఉండవు, అద్దం మీద ఊపిరి ఊదితే పట్టే ఆవిరిలా పలచగా ఉంటాయి. వాటి కథ వేరు. అవి చాలా నెమ్మది. క్యాన్సరే అయినా ఏళ్ల తరబడి నిద్రపోతాయి. అందుకే వాటిని 5 ఏళ్ల దాకా కనిపెట్టి ఉండమంటారు.

మన దేశంలో ఈ గింజలకు ఒక పెద్ద కారణం ఉంది. క్షయ. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మంది భారతదేశంలోనే ఉన్నారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియానికి వందేళ్లు దాటాయంటే మనకూ ఈ జబ్బుకూ ఎంత పాత చుట్టరికమో చూడండి. మందులే లేని రోజుల్లో, మంచి గాలి కోసం రోగులు అంత దూరం వెళ్లేవారు. మనలో చాలామందికి టీబీ క్రిమి ఎప్పుడో సోకి, ఒంట్లోని రక్షణ శక్తి దాన్ని ఒక మూల కట్టడి చేసి, గోడ కట్టేసి ఉంటుంది. మనకు తెలియను కూడా తెలియదు. ఆ గోడే ఇవాళ సీటీలో గింజగా కనపడుతుంది. అమెరికాలో ఒహాయో నదీ లోయలో మట్టిలో ఉండే ఒక బూజు ఇలాంటి మచ్చలే మిగులుస్తుంది. అక్కడి డాక్టర్లకు ఆ తలనొప్పి, మనకు ఇది.

దీనివల్ల రెండు రకాల తప్పులు జరుగుతాయి. సున్నం పట్టిన పాత మచ్చను చూసి, దగ్గు లేదు, జ్వరం లేదు, కళ్లెలో క్రిమి లేదు, అయినా ఎందుకైనా మంచిదని 6 నెలలు టీబీ మందులు మింగించడం ఒకటి. అవి చలిమిడి ముద్దలు కావు, కాలేయాన్ని దెబ్బతీయగల మందులు. రెండోది ఇంకా ప్రమాదం. క్యాన్సర్ గింజను టీబీ అనుకుని, కళ్లె పరీక్షలో ఏమీ తేలకపోయినా మందులు మొదలుపెట్టి, మూడు నెలలు, ఆరు నెలలు గడిపేయడం. ఈ దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆలస్యంగా బయటపడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఛాతీ డాక్టర్లందరికీ తెలిసిన సంగతే.

చాలా గింజలు ఒక్క చూపుతో లొంగవు. నునుపుగా ఉంటుంది, సున్నం ఉండదు, కొవ్వు ఉండదు. టీబీ మచ్చ కావచ్చు, మరొకటి కావచ్చు. అప్పుడు సీటీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం కాలం. కొన్ని నెలలాగి మళ్లీ తీయడం. మా బంధువుకు ఇదే మింగుడుపడలేదు. "లోపల బాంబు పెట్టుకుని ఆరు నెలలు కూర్చోమంటారా?" అన్నాడు.

బాంబు కాదని ఎలా చెప్పగలమో వినండి. మానిన మచ్చ పెరగదు. న్యుమోనియా లాంటి ఇన్ఫెక్షన్ రోజుల్లో పెరిగి వారాల్లో తగ్గుతుంది. గట్టి గింజలా ఉండే క్యాన్సర్ మాత్రం ఈ రెండింటికీ మధ్య నడుస్తుంది. సాధారణంగా నెల మొదలు 400 రోజుల లోపల రెట్టింపవుతుంది. రెండేళ్లపాటు గట్టి గింజ ఉన్నచోట ఉన్నట్టే ఉందంటే దాన్ని మర్చిపోవచ్చు. నడక తీరు బట్టి మనిషిని పోల్చినట్టు, పెరిగే తీరు బట్టి గింజను పోలుస్తాం.

ఇక్కడ 'రెట్టింపు' అన్న మాట దగ్గర చాలామంది పొరబడతారు. లడ్డూ చుట్టేటప్పుడు బూందీ రెట్టింపు తీసుకుంటే లడ్డూ వెడల్పు రెట్టింపు కాదు. పావు వంతు మాత్రమే పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల గింజ ఏడున్నర అయిందంటే చూడ్డానికి ఏమంత తేడా కాదు. కానీ లోపలి సరుకు రెట్టింపైనట్టు. 5 మిల్లీమీటర్లది 10 అయితే రెండింతలు కాదు, ఎనిమిదింతలు. అందుకే ఇప్పుడు స్కేలు పెట్టి అడ్డకొలత తీయడంతో ఆగకుండా కంప్యూటరుతో గింజ ఘనపరిమాణం కొలుస్తున్నారు. నెదర్లాండ్స్, బెల్జియంలలో చేసిన నెల్సన్ అనే పెద్ద అధ్యయనం అంతా ఈ ఘనపరిమాణం మీదే నడిచింది. 400 రోజుల లోపు రెట్టింపైతే అనుమానం, 600 రోజులు దాటినా రెట్టింపు కాకపోతే నిమ్మళం.

దీనికి వెనక వైపు కూడా ఉంది. గింజ చిన్నదైనకొద్దీ మన కొలతలో తప్పు పెద్దదవుతుంది. ఒకే గింజను ఇద్దరు రేడియాలజిస్టులు కొలిస్తే మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర తేడా రావచ్చు. అదే మనిషి సాయంత్రం మళ్లీ కొలిచినా రావచ్చు. రోగి కిందటిసారి నిండా ఊపిరి పీల్చి, ఈసారి సగమే పీల్చినా కొలత మారుతుంది. మిషను మారితే, ముక్కల మందం మారితే సరేసరి. అందుకే అడ్డకొలతలో 2 మిల్లీమీటర్లు పెరిగితేనే పెరిగినట్టు లెక్క వేయమని నియమం.

ఈ నియమం నేను ఒకరి కన్నీళ్లతో నేర్చుకున్నాను. వృత్తిలోకి వచ్చిన కొత్తల్లో ఒక స్కూలు మాస్టారి స్కాన్ నా దగ్గరికి వచ్చింది. పాత రిపోర్టు కాగితం జత చేసి ఉంది, పాత స్కాన్ లేదు. పాత కాగితంలో 5 అని ఉంది. నేను కొలిస్తే 6 వచ్చింది. 'పెరుగుదల ఉంది' అని రాసేశాను. పది రోజుల తర్వాత ఆయన కూతురు పాత సీడీ వెతికి తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి, ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలిచాను. అప్పుడూ 6, ఇప్పుడూ 6. మొదట చదివినాయన మందంగా కోసిన ముక్కల మీద కొలిచాడు, అంతే. "నాన్న ఈ పది రోజులూ సరిగ్గా అన్నం తినలేదండీ" అంది ఆ అమ్మాయి. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది. ఆనాటి నుంచి కాగితాన్ని కాగితంతో పోల్చడం మానేశాను. స్కాన్‌ను స్కాన్‌తోనే పోల్చాలి.

ఎన్ని నెలలకు మళ్లీ తీయాలన్నది ఎవరి ఇష్టం వారిది కాదు. ఛాతీ రేడియాలజిస్టుల సంఘం ఒకటుంది, ఫ్లైష్నర్ సొసైటీ అని. వాళ్లు 2005లో లెక్కలు కట్టి, 2017లో సవరించి కొన్ని మార్గదర్శకాలిచ్చారు. 35 ఏళ్లు దాటి, ఇంతకుముందు క్యాన్సర్ లేని, రోగనిరోధక శక్తి సరిగ్గా ఉన్న వాళ్లకు ఇవి వర్తిస్తాయి. గట్టి గింజ 6 మిల్లీమీటర్లకు లోపు ఉండి, మనిషికి పొగ అలవాటు లాంటి ముప్పు లేకపోతే మళ్లీ స్కానే అక్కర్లేదు. అంత చిన్న గింజ క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. ముప్పు ఉన్నవాళ్లు కావాలంటే ఏడాది తర్వాత ఒకసారి చూసుకోవచ్చు. 6 నుంచి 8 మధ్య ఉంటే 6 నెలల నుంచి ఏడాది లోపు మళ్లీ తీస్తారు. 8 దాటితే 3 నెలలకే స్కాన్, లేదా పెట్ స్కాన్, లేదా సూదితో ముక్క తీయడం. ఏదన్నది మనిషిని బట్టి.

మా బంధువుది 5. పొగ తాగడు. కుటుంబంలో ఎవరికీ క్యాన్సర్ లేదు. మళ్లీ స్కాన్ అక్కర్లేదన్నాను. నమ్మలేదు. నమ్మకపోవడంలో ఆయన తప్పేమీ లేదు. ఏమీ చేయనక్కర్లేదు అని డాక్టరు చెబితే మనకు నమ్మబుద్ధి కాదు. ఒక మాత్రో, ఒక ఇంజెక్షనో ఉంటే తృప్తి.

పెట్ స్కాన్ గురించి ఒక్క మాట. చక్కెర లాంటి మందు ఎక్కించి, ఎక్కడ ఎక్కువ మండుతోందో చూసే పరీక్ష అది. ఖరీదైనది కాబట్టి గొప్పదని అనుకుంటారు. 8 మిల్లీమీటర్ల లోపు గింజల్లో దాని మాట నమ్మలేం. మన దేశంలో ఇంకో ఇబ్బంది ఏమిటంటే, టీబీ మచ్చ కూడా చక్కెరను బాగానే తింటుంది. పెట్‌లో వెలిగిందంటే క్యాన్సర్ అనీ కాదు. ముక్క తీయడం కూడా సీటీలో చూస్తూనే చేస్తాం, పక్కటెముకల సందులోంచి సన్నటి సూది గింజ దాకా పంపి. కొందరికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరుతుంది. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది, కొద్దిమందికి ట్యూబు వేయాల్సి వస్తుంది. మిరియపు గింజ కోసం అంత పని అనవసరం. శనగ గింజ దాటి, అంచులు ముళ్లు తేలితే మాత్రం వెనకాడకూడదు. సెంటీమీటరు లోపే క్యాన్సర్‌ను పట్టుకుంటే, అది మరెక్కడికీ పాకకపోతే, అంతర్జాతీయ ఊపిరితిత్తుల క్యాన్సర్ అధ్యయన సంఘం కూడగట్టిన లెక్కల్లో నూటికి 92 మంది 5 ఏళ్ల తర్వాత కూడా బతికి ఉన్నారు. ఒళ్లంతా పాకాక పట్టుకుంటే ఆ అంకె పదో, అంతకన్నా తక్కువో.

అలాంటప్పుడు అందరికీ ఏటా సీటీ తీసేస్తే పోలేదా? అమెరికాలో ఇది చేసి చూశారు. 2002లో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి రోజుకో పెట్టె కాల్చినవాళ్లను 53,454 మందిని తీసుకున్నారు. సగం మందికి తక్కువ మోతాదు సీటీ, సగం మందికి ఎక్స్‌రే, ఏటా ఒకసారి చొప్పున మూడుసార్లు. 2011లో ఫలితం వచ్చింది. సీటీ తీసినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. చిన్న విజయం కాదది. కానీ అదే అధ్యయనంలో సీటీలో అనుమానం ఉందన్న ప్రతి 100 మందిలో 96 మందికి చివరికి క్యాన్సర్ లేదని తేలింది. అంత టీబీ లేని దేశంలోనే ఇలా. మన ఊళ్లలో అందరికీ తీస్తే ఎన్ని గింజలు దొరుకుతాయో, ఎన్ని ఇళ్లలో నిద్ర కరువవుతుందో ఊహించుకోండి. మన ప్రభుత్వం క్యాన్సర్ కోసం ముందస్తు పరీక్షలు జరుపుతున్నది నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికి. ఊపిరితిత్తులకు సీటీ జాతీయ పథకం ఏదీ లేదు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఛాతీ సీటీ కూడా ఉచితమంటే పొగ అలవాటు లేనివాళ్లు వద్దని చెప్పే ధైర్యం చేయాలి.

పొగ తాగేవాళ్ల సంగతి వేరు. అమెరికా లెక్క పెట్టెలూ ఏళ్లూ గుణించే లెక్క. రోజుకు 20 సిగరెట్ల పెట్టె ఒకటి చొప్పున 20 ఏళ్లు తాగి, వయసు 50 దాటిందంటే అక్కడ ఏటా సీటీ తీయించుకోమంటారు. మన దగ్గర ఈ లెక్క తెగదు. ఒక పెద్దాయన్ను అడిగాను, "రోజుకెన్ని చుట్టలు కాలుస్తావు తాతా?" అని. "లెక్కెవరు పెట్టారు బాబూ, ఆరిపోతే మళ్లీ ముట్టిస్తా" అన్నాడు. బీడీ కట్టలు, చుట్టలు, శ్రీకాకుళం వైపు నిప్పు కొస నోట్లో పెట్టుకునే అడ్డపొగ, ఇవేవీ సిగరెట్టు పెట్టెల లెక్కలో ఇమడవు. అడ్డపొగ అంగిట్లో పుండ్లు పెడుతుంది, దానికి సీటీ కాదు, నోరు తెరిచి చూపించుకోవడం ముఖ్యం. పొగ అలవాటు ఉండి, దగ్గులో రక్తం పడినా, బరువు తగ్గినా అది ముందస్తు పరీక్ష కిందికి రాదు. వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇక రేడియేషన్ భయం. 2020, 21 కరోనా రోజులు మర్చిపోయారా? ఫోన్ చేస్తే బాగున్నారా అని కాదు, "స్కోరెంత?" అని అడిగేవాళ్లం. సీటీలో 25కి ఎంత వచ్చిందన్నది పదో తరగతి మార్కుల్లా చెప్పుకునేవాళ్లం. దగ్గు వచ్చినా, రాకపోయినా స్కాన్ తీయించుకున్నవాళ్లు ఎందరో. 2021 మే నెలలో ఎయిమ్స్ డైరెక్టర్ డాక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300, 400 ఎక్స్‌రేలతో సమానమని హెచ్చరించారు. రేడియాలజిస్టుల సంఘం అది కాలం చెల్లిన లెక్కని అభ్యంతరం చెప్పింది. నా మట్టుకు నాకు, అంకెలో తేడా ఉన్నా ఆయన హెచ్చరిక అవసరమే అనిపించింది. మామూలు ఛాతీ సీటీకి 5 నుంచి 7 మిల్లీసీవర్టులు పడుతుంది. భూమి మీద ఊరికే బతికినందుకే నేల నుంచీ ఆకాశం నుంచీ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు మన ఒంటికి తగులుతుంది. గింజను కనిపెట్టి ఉండడానికి తీసే తక్కువ మోతాదు సీటీకి ఒకటిన్నర చాలు. అందుకే మళ్లీ స్కాన్‌కు వెళ్లినప్పుడు 'లో డోస్' తీయమని అడగండి. దానికి నరానికి డై ఎక్కించనక్కర్లేదు కూడా. నిండా ఊపిరి పీల్చి, ఆపమన్నప్పుడు కదలకుండా ఆపడమే మీ వంతు పని.

కరోనా నాటి ఆ స్కాన్లు అప్పట్లో చాలావరకు వృథా అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇవాళ మాట మార్చుకోవాల్సి వస్తోంది. మా బంధువు నా మాట నమ్మకపోయేసరికి అడిగాను, "కరోనాలో స్కాన్ తీయించుకున్నావు కదా, ఆ సీడీ ఉందా?" అని. ఆయన భార్య బీరువాలో, ఇంటి పన్ను రశీదుల కింద నుంచి తీసింది. 2021 మే నాటిది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అదే చోట, అదే మిరియపు గింజ, అంతే సైజు. అప్పుడు స్కోరు గోలలో ఎవరూ పట్టించుకోలేదు. ఇన్నేళ్లుగా అది అలాగే కూర్చుని ఉంది. నా మాట నమ్మనివాడు ఆ సీడీని నమ్మాడు.

కాబట్టి శ్రోతలకు నాదొక్కటే విన్నపం. ఇవాళే మీ బీరువా, మంచం కింది పెట్టె, అటక మీది సంచీ ఒకసారి వెతకండి. అమ్మదీ, నాన్నదీ, మీదీ పాత ఛాతీ స్కాన్, కిడ్నీ రాయికి తీసిందైనా సరే, సీడీ ఉంటే పారేయకండి. గీతలు పడి పాడవకముందే పిల్లల చేత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఫిల్మును ట్యూబులైటుకు పెట్టి ఫోటో తీసి అమెరికాలో ఉన్న అబ్బాయికి వాట్సాప్ చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఫిల్ము మీద ఉండేవి కొన్ని ముక్కలే అని ఇందాక చెప్పాను. ఇకముందు స్కాన్ తీయించుకుంటే ఫిల్ములతో ఆగకుండా, సన్నటి ముక్కలన్నీ ఉన్న సీడీ ఇవ్వమని అడిగి తీసుకోండి. మళ్లీ స్కాన్‌కు వెళ్లేటప్పుడు ఆ పాత సీడీని చంకలో పెట్టుకుని వెళ్లండి.